రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్

ఇరవై రెండేళ్లుగా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అటెండర్ని. నా వేళ్లు చూస్తే ఆ సంగతి ఎవరికైనా తెలిసిపోతుంది. సిల్వర్ నైట్రేట్ ద్రావణం చూడటానికి నీళ్లలాగే ఉంటుంది, చేతికి అంటినా తెలియదు. కాస్త వెలుగు తగిలిందా, చర్మం నల్లబడిపోతుంది. ఎంత తోమినా నాలుగు రోజులదాకా వదలదు. అందుకే దాన్ని గోధుమరంగు సీసాలో దాస్తారు. నన్ను దాచే సీసానే ఎవరూ కనిపెట్టలేదు.

పరీక్షకు ముందురోజు, నీళ్లను శుద్ధిచేసే యంత్రం మొరాయించింది. చెబితే హెడ్ సార్ విరుచుకుపడతారు. బీకర్లు పగలగొట్టినందుకు పోయిన నెలే ఒక మెమో ఇచ్చారు, ఇంకొకటి వస్తే ఉద్యోగం ఊడినట్టే. అందుకని గుట్టుచప్పుడు కాకుండా డిస్టిల్డ్ వాటర్ డబ్బాలో కుళాయి నీళ్లు పట్టేశాను. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి, ఎవరు పట్టుకుంటార్లే అనుకున్నాను. ఇన్నేళ్ల సర్వీసున్నవాడు అనుకోవాల్సిన మాటేనా అది!

మర్నాడు ఇరవై మంది పిల్లలు పరీక్షకు కూర్చున్నారు. వాళ్లలో నా కూతురు కూడా ఉంది. ఇచ్చిన పొడిని గాజుగొట్టంలో నీళ్లు పోసి కరిగించి, కాస్త ఆమ్లం కలిపి, రెండు చుక్కలు సిల్వర్ నైట్రేట్ వేయాలి. తెల్లబడితే పొడిలో క్లోరైడ్ ఉన్నట్టు. అందరి గొట్టాలూ తెల్లబడ్డాయి. పందొమ్మిది మంది ఆలోచించకుండా క్లోరైడ్ అని రాసిపారేశారు.

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడమ్ కాగితాలు తిరగేసి కళ్లజోడు తీసేశారు.

"ఒక్క పొడిలోనూ క్లోరైడ్ లేదు. పందొమ్మిది మందీ ఫెయిలే!"

నా పైప్రాణాలు పైనే పోయాయి. అంతలో చివరి బల్ల దగ్గర నా కూతురు గొట్టం ఎత్తి చూపించింది.

"మేడమ్, ఇందులో పొడే వేయలేదు. ఉత్త నీళ్లు. అయినా తెల్లబడ్డాయి. క్లోరైడ్ ఉన్నది నీళ్లలోనే. తప్పు నీళ్లది."

హెడ్ సార్ చూపు డబ్బా మీద నుంచి నా మీదికి వచ్చింది. ఏదో ఒక సాకు చెబుదామని నోరు తెరిచాను. ఏడుపు ముఖాలతో నిలబడ్డ పిల్లల్ని చూశాక అబద్ధం పెగల్లేదు.

"నేనే సార్, కుళాయి నీళ్లు పట్టాను. పిల్లల్ని ఏమీ అనకండి."

మేడమ్ నా కూతురి వైపు తిరిగారు.

"డబ్బా మీద డిస్టిల్డ్ అని ఇంతంత అక్షరాలున్నాయి. అందరూ నమ్మారు. నీకెందుకమ్మా అనుమానం వచ్చింది?"

అది నా వంక చూసి నసిగింది.

"నింపింది మా నాన్న కదా మేడమ్!"

ల్యాబంతా గొల్లున నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా కూతుర్ని చూస్తే గర్వంగానే అనిపించింది. హెడ్ సార్ మాత్రం నవ్వు బిగబట్టి, "పక్క కాలేజీ నుంచి నీళ్లు పట్టుకురా. అవి తెల్లబడ్డాయో, మెమో నీ చేతిలో పెడతా!" అన్నారు.

పరుగున వెళ్లి మోసుకొచ్చాను. డబ్బా బల్ల మీద పెట్టానో లేదో, ఇరవై మందీ పొడి జోలికి పోకుండా ముందు నా నీళ్లు గొట్టాల్లో పోసుకుని గోధుమరంగు సీసా అందుకున్నారు. అందరికంటే ముందు నా కూతురు.

ఇరవై గొట్టాల్లోనూ నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అప్పటిగ్గానీ నాకు ఊపిరాడలేదు.