సత్యవేణి బరువు

నేను ఒక బరువు తూచే మిషన్ని. గుండ్రని ముఖం, నూట ముప్పై దాకా అంకెలు, ఒక ఎర్ర ముల్లు, పాదాలు మోపడానికి నల్ల రబ్బరు పలక. పుట్టింది ఒక చిన్న ఇనుప కార్ఖానాలో. మొదట నన్ను ఒక వ్యాయామశాలవాళ్లు కొన్నారు. అక్కడికొచ్చేవాళ్లు చెప్పులు విప్పి, వాచీ తీసి, ఊపిరి కూడా బిగబట్టి నా మీద ఎక్కేవారు. ఊపిరి బిగబడితే బరువు తగ్గుతుందని వాళ్ల నమ్మకం. ఆ శాల మూతపడ్డాక సముద్రం ఒడ్డు ఊళ్లోని ఒక మానసిక వైద్యశాలకి చేరాను. డాక్టరు బల్ల పక్కన తొమ్మిదేళ్లున్నాను.

ఇక్కడ ఎవరూ ఊపిరి బిగబట్టరు. ఎక్కమంటే ఎక్కుతారు, దిగమంటే దిగుతారు.

సత్యవేణి మొదటిసారి ఎక్కినప్పుడు నలభై ఆరు కిలోలు. ఇరవై మూడేళ్ల పిల్ల. జాకెట్లు కుట్టేది. కుట్టుమిషను తిరుగుతుంటే అందులోంచి ఎవరో తిడుతున్నారని పని మానేసి, తిండి కూడా మానేసింది. వెంట తల్లి అచ్చియమ్మ వచ్చింది. రైతుబజారులో ఆకుకూరలు అమ్ముతుంది. డాక్టరు వైదేహి మాత్రలు రాసింది. నెల తిరిగేసరికి ఆ తిట్టే గొంతులు తగ్గాయి, రెండో నెలకి ఆగిపోయాయి.

నా ముల్లు మాత్రం ఆగలేదు. యాభై రెండు. యాభై తొమ్మిది. పదకొండో నెలకి డెబ్బై ఒకటి. తను కుట్టుకున్న జాకెట్లే తనకి పట్టడం లేదు. అయినా ఆ పిల్ల నా అంకెల్ని గోడమీది క్యాలెండరు చూసినట్టు చూసేది.

"లోపల ఏటీ నేదు సిస్టరూ. ఆకలొక్కటే ఉంది," అంది ఒకసారి.

నర్సు సరోజిని చెడ్డమనిషి కాదు. అందరికీ చెప్పేదే ఆమెకీ చెప్పింది. "నోరు కట్టుకోవాలమ్మా." అచ్చియమ్మ ఆ మాట పట్టుకుని అన్నం గిన్నెని ట్రంకుపెట్టెలో దాచి తాళం వేసింది.

ఆ వేసవిలో సత్యవేణి రెండు నెలలు రాలేదు. వచ్చిన రోజు అరవై ఆరుంది. "చూశావా, అయిదు కిలోలు తగ్గావు!" అని సరోజిని మెచ్చుకుంది. సత్యవేణికి ఆ మాట వినపడలేదు. తల పక్కకి తిప్పి, అక్కడ లేని మనిషెవరికో జవాబు చెబుతోంది.

"మాత్రలు మానేశావా?" అని డాక్టరు నెమ్మదిగా అడిగింది.

"అవి మింగితే గొంతులు పోతన్నాయి. నాను కూడా పోతన్నాను. అద్దంలో ఎవరో లావుపాటి మనిషి ఉంటంది."

డాక్టరు కోప్పడలేదు. తల్లివైపు తిరిగింది. "మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలాంటి మందులు వాడారా?"

అచ్చియమ్మ నా ముఖానికి ఆధారంగా ఉన్న ఇనుప కడ్డీ పట్టుకుంది.

"మా తమ్ముడమ్మా. సన్నిబాబు. సన్నగా రివటలాగుండీవాడు. మాత్రలు మొదలెట్టిన యేడాదికి ఏనుగైపోనాడు. అందరం నవ్వీవాళ్లం. నానూ అన్నాను, తినీసి పడుకుంటన్నావురా అని. మాత్రలు మానీసాడు. ఓ రోజు ఇంట్లోంచి ఎల్లిపోనాడు. పదిహేడేళ్లయింది, రానేదు."

డాక్టరు కలం కింద పెట్టింది. "ఇది మొదటిరోజే అడగాల్సిందమ్మా, అడగలేదు. ఒకే మాత్ర మింగినా కొందరు కొద్దిగానే పెరుగుతారు, కొందరు పాతిక కిలోలు పెరుగుతారు. ఆ తేడాలో కొంత పుట్టుకతోనే వస్తుంది, జన్యువుల్లో ఉంటుంది. దాని మీద ఇంకా పరిశోధన జరుగుతోంది. ఈ పిల్ల రక్తం చూసి ఫలానా జన్యువు వల్లే అని నేను చెప్పలేను. కానీ ఇది తిండిపోతుతనం కాదు."

"మా పుట్టింటినుంచొచ్చిందా అది?"

"వచ్చి ఉండొచ్చు."

"అయితే ఆడి తప్పు కాదన్నమాట," అంది అచ్చియమ్మ. ఏడవలేదు. కడ్డీ వదిలిపెట్టలేదు.

అప్పుడు సత్యవేణి ఆ గొంతులతో మాట్లాడటం ఆపి, "అమ్మా, ఆకలేస్తంది," అంది.

అచ్చియమ్మ బయటికెళ్లి, గేటు దగ్గర బండి మీద ఇడ్లీలు కట్టించుకుని వచ్చింది. నా పక్కనే నేలమీద కూర్చుని కూతురికి తినిపించింది. ఆ పిల్ల ఎన్ని తిన్నదో ఎవరూ లెక్కపెట్టలేదు.

డాక్టరు మందు మార్చింది. బరువు పెరగకుండా, షుగరు ఉన్నవాళ్లకిచ్చే మాత్ర ఒకటి జతచేసింది. గొంతులు మళ్లీ పోవడానికి నాలుగు నెలలు పట్టింది. ముల్లు అరవై నాలుగు దగ్గర నిలబడింది. నలభై ఆరుకి మాత్రం ఇక రాలేదు. ఒకరోజు సత్యవేణి సంచీలోంచి టేపు తీసి, తన కొలతలు తానే తీసుకుంటూ సరోజిని చేత కాగితం మీద రాయించుకుంది. కొత్త జాకెట్టుకట. ఆ ముఖంలో సంతోషముందా అంటే చెప్పలేను. కాగితం మాత్రం జాగ్రత్తగా మడిచి సంచీలో పెట్టుకుంది.

తర్వాత అంకెలు వెలిగే కొత్త మిషను వచ్చింది. నన్ను విరిగిన మంచాలుండే షెడ్డులో పడేశారు. నా పలక మీద పాత రోగుల కాగితాల కట్ట ఒకటి పెట్టి వెళ్లారు. అందులో ఎవరెవరి పేర్లున్నాయో నాకు తెలియదు. కట్ట బరువు పద్దెనిమిది కిలోలు, సత్యవేణికి మిగిలిపోయిన బరువంత. నిన్నా పద్దెనిమిదే, ఇవాళా పద్దెనిమిదే.