కంచె పక్క చుక్కకూర

ఆరోగ్యమ్మ చుక్కకూర మొదళ్ళను ఎడమచేత్తో గుప్పిటపట్టి, వేళ్ళు కదలకుండా కొడవలితో కోసుకుంటూ పోతోంది. తూర్పు అప్పుడే ఎర్రబడుతోంది. స్నానాల నీళ్ళు పారేచోట రెండు మంచాలంత మడి అది. చుక్కకూర, ఒక వరస తోటకూర, గట్టు మీద గోంగూర, కంచెకు అల్లుకున్న దొండపాదు. మూలన మునగచెట్టు.

ఆకుల మీద తెల్లగా మచ్చలున్నాయి. ఆ ఊళ్ళో ఆకుల మీద తెలుపు ఎవరికీ కొత్త కాదు. సున్నపురాయి లారీలు వెళ్ళినప్పుడల్లా దుమ్ము లేచి ఇళ్ళ మీదా, చెట్ల మీదా, ఆరేసిన బట్టల మీదా పడుతుంది. ఇవాళ మాత్రం దుమ్ము పొడిగా లేదు, చుక్కలు చుక్కలుగా ఎండిపోయి ఉంది. మంచుకు తడిసి అట్ట కట్టిందనుకుంది. ఒక ఆకును చీరచెంగుతో తుడిచి చూసి గంపలో వేసింది. రోజూ కోసేదానికి రెండింతలు కోసింది.

ఇవాళ మహిమకి పనిలో ఆఖరు రోజు. ఆ అమ్మాయికి ఏడో నెల. సాయంత్రం నందిగామలో పుట్టింటికి వెళ్ళిపోతుంది. పోయినేడాది ఒక కడుపు నిలవలేదు. ఈసారి నోటికి ఏదీ సహించక మనిషి చిక్కిపోయింది. "అత్తా, పోయేలోపు ఒక్కసారి నీ చుక్కకూర పప్పు పెట్టు" అని వారం నుంచీ అడుగుతోంది.

కంచెకు అవతల చెన్నకేశవరావు గారి మిరపచేను. కంచె వారన నాలుగు సాళ్ళు ఎప్పుడూ గిడసబారి, ఆకు ముడుచుకుని ఉంటాయి. తన మునగచెట్టు నీడకే అవి అలా అయ్యాయని ఆరోగ్యమ్మ నమ్మకం. అందుకే వారానికి రెండుసార్లు కంచె మీదుగా ఒక కట్ట కూర ఆయన భార్య ప్రసూనాంబకు అందిస్తుంది. వండిన కూర ఎప్పుడూ ఆ ఇంటికి వెళ్ళలేదు. కోసిన ఆకు వెళ్తుంది. అది ఎవరూ పెట్టిన నియమం కాదు, ఎవరూ తీసేసిందీ కాదు.

కూరను మూడు నీళ్ళలో కడిగింది. కందిపప్పు మెత్తగా ఉడికాక ఆకు తుంచి వేసి, పచ్చిమిరపకాయలు చీల్చి వేసి, వెల్లుల్లి దంచి తిరగమోత పెట్టింది. పెద్ద గిన్నె నిండింది. మూతను తువ్వాలుతో బిగించి కట్టి, ఏడున్నరకు ఆటో ఎక్కింది.

జగ్గయ్యపేటలో హైవేకి కొంచెం ఎడంగా ఒక రేకుల షెడ్డు. ఆడవాళ్ళు పీటల మీద కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తారు, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు ఏరి పక్కన పోస్తారు. ఆరోగ్యమ్మ అక్కడ చేరి ఇరవై రెండేళ్ళయింది. చేతులకు ఆముదం రాసుకుని కూర్చుంటే మళ్ళీ భోజనానికే లేస్తుంది. కళ్ళు మూసుకుని కాయను తాకితే చాలు, అది మొదటి కోతదో మూడో కోతదో చెప్పగలదు. ఇన్నేళ్ళ మిరప కోరుకు, ఆ ఘాటు దుమ్ముకు, ముక్కు మాత్రం మొద్దుబారింది. కూర మాడితే పొగ కనిపించాలి తప్ప వాసన తెలియదు. భర్త క్వారీలో రాళ్ళు కొట్టి, దగ్గుతోనే పోయి పదకొండేళ్ళు. కూతురు ఖమ్మంలో కాపురం చేసుకుంటోంది. ఆరోగ్యమ్మ గురించి అడిగితే ఎవరైనా ఇంతకు మించి చెప్పరు. కూర బాగా వండుతుందని మాత్రం చెబుతారు.

ఆ మాట వెనక ఆమెకు మాత్రమే తెలిసిన లెక్క ఒకటుంది. ఎనిమిదేళ్ళ వయసులో అమ్మ వెంట ఒక ఆసామి ఇంటికి వెళ్ళేది. పనయ్యాక అమ్మ గిన్నె పట్టుకుని వంగి నిలబడితే, అరుగు మీద నుంచి పప్పు పోసేవాళ్ళు. గిన్నెకు గరిట తగలకూడదు. కింద ఒలకకుండా పట్టుకోవడం ఆరోగ్యమ్మ అక్కడే నేర్చుకుంది. షెడ్డులో చేరిన మొదటి ఏడాది గోడవైపు తిరిగి తినేది. ఒకరోజు రాఘవమ్మ బాక్సు ఆటోలో ఒలికిపోయింది. రాఘవమ్మ పట్టింపులున్న మనిషి. ఉత్త అన్నం కాసేపు కలుపుకుంది, కాసేపు చూసింది. ఆ తర్వాత మూత చాపి, "ఏమే, ఆ గోంగూర ఇటు పెట్టు" అంది. ఆరోగ్యమ్మ గోంగూర వేసి, గోడవైపు నుంచి ఇటు తిరిగి కూర్చుంది. అప్పటి నుంచీ గిన్నె మధ్యలోనే ఉంటుంది. ఎవరి చెయ్యి వాళ్ళు పెట్టి తీసుకుంటారు. అలా తీసుకుంటున్నప్పుడు ఆమె తినడం ఆపి చూస్తూ ఉంటుంది.

పన్నెండున్నరకు ఆరుగురూ చేతులు కడుక్కుని గుండ్రంగా కూర్చున్నారు. తువ్వాలు ముడి విప్పగానే రాఘవమ్మ ముందుకు వంగింది.

"అబ్బ, ఇవాళ పులుపు వాసన ముక్కుకి కొడతంది. ఏందే, ఇంత తెచ్చావ్? మహిమకి శ్రీమంతం నువ్వే చేస్తున్నావా?"

"నేను శ్రీమంతం చేస్తే నువ్వు పేరంటానికి వస్తావా?"

"పప్పు పెడతానంటే నీ చర్చిక్కూడా వస్తా. నడువ్."

మహిమ పప్పులో అన్నం కలిపి, కళ్ళు సగం మూసుకుని తింటోంది. మూడు నెలలుగా రెండు ముద్దలకే పళ్ళెం పక్కన పెట్టే పిల్ల రెండోసారి వడ్డించుకుంది.

"అత్తా, ఇంకొంచెం వెయ్యి. ఇది కూడా లోపల అడుగుతున్నట్టుంది" అని పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

ఆరోగ్యమ్మకు కడుపు నిండిపోయింది. తను ఇంకా నాలుగు ముద్దలైనా తినలేదు.

అప్పుడే రూబెన్ నీళ్ళ క్యాన్లు దించడానికి వచ్చాడు. రూబెన్ ఆమె మరిది కొడుకు, వాళ్ళ ఊరి ఆటో అతనిదే. క్యాను భుజం మీద నుంచి దించుతూ గిన్నెలోకి తొంగి చూశాడు.

"చుక్కకూరా పెద్దమ్మా? ఎక్కడ కొన్నావ్?"

"కొనడమేందిరా? మన దొడ్లోదే."

"మన దొడ్లోదా?" రూబెన్ క్యాను కింద పెట్టేశాడు. "నిన్న పొద్దుగూకే వేళ కేశవరావు గారు మందు డబ్బా భుజానేసుకుని మన కంచె వెంబడే కొట్టుకుంటా పోతన్నాడు గదా. గాలి ఇటే ఉంది. నువ్వు చూడలా?"

నిన్న పొద్దుగూకే వేళ ఆరోగ్యమ్మ ప్రార్థనలో ఉంది.

ఆకుల మీద తెల్లచుక్కలు ఆమె కళ్ళముందు ఒక్కొక్కటిగా కనిపించాయి. అవి దుమ్ము కాదు. దుమ్ము అలా చుక్కలుగా ఎండిపోదు. వాసన? ఇప్పటి మందులకు వాసనే ఉండదంటారు, ఉన్నా తన ముక్కుకి తెలియదు. రూబెన్ మాట మిగతావాళ్ళ చెవిన సరిగా పడలేదు. ఎవరో ఏదో అంటే రాఘవమ్మ నవ్వుతోంది. ఇప్పుడు నోరు తెరవకపోతే ఎవరికీ తెలియదు. తెరిస్తే ఇంకెప్పుడూ ఈ గిన్నెలో ఎవరూ చెయ్యి పెట్టరు. ఇరవై రెండేళ్ళూ మళ్ళీ గోడవైపు తిరుగుతాయి.

మహిమ ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుంది.

ఆరోగ్యమ్మ లేచి ఆ చేతిని పట్టుకుంది. ముద్ద ఊడదీసి, ఒళ్ళోని పళ్ళెం లాగేసింది. తినేవాళ్ళ ముందు నుంచి కూడు లాగడం జీవితంలో అదే మొదటిసారి.

"తినొద్దు. ఎవ్వరూ తినొద్దు. కూర మీద చేను మందు పడింది. నేను చూసుకోలా."

 ఒకామె పళ్ళేన్ని దూరంగా నెట్టేసింది.

"చూసుకుని కొయ్యొద్దా? కడుపుతో ఉన్న పిల్ల తింటదని తెలుసుగా!"

"నోరు ముయ్యవే," అంది రాఘవమ్మ. "ఇన్నేళ్ళు లొట్టలేసుకుంటా తిన్నప్పుడు చూసి కొయ్యమని చెప్పావా? రూబెనూ, ఆయనకి ఫోన్ కొట్టు ముందు."

రూబెన్ కొట్టాడు. ఎత్తలేదు. మళ్ళీ కొట్టాడు. గుమాస్తా భవానీప్రసాద్ కాటా దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి, విషయం విని, మహిమను వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళమన్నాడు. రాఘవమ్మ తన డబ్బాలోని మజ్జిగ గ్లాసులో పోసి మహిమ నోటికి పెట్టింది. "తాగవే తల్లీ, ఏదైనా ఉంటే విరిగిపోద్ది." మహిమ తాగింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. రెండు చేతులూ పొట్ట మీదే ఉన్నాయి.

"కదుల్తున్నాడా?" అని అడిగింది ఆరోగ్యమ్మ. 

"ఇందాక కదిలాడు. ఇప్పుడు తెలవట్లా అత్తా."

ఆరోగ్యమ్మ నేల మీద కూలబడింది. లాక్కున్న ముద్ద ఇంకా తన పిడికిట్లోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. రూబెన్ ఆటో తిప్పడానికి బయటికి నడిచాడు. మెట్లు దిగేలోపే ఫోను మోగింది. అతను వెనక్కి వచ్చి స్పీకరు పెట్టాడు.

"ఏందిరా, రెండుసార్లు కొట్టావ్? మోటారు కాడ ఉన్నా."

"కేశవరావు గారూ, నిన్న మా పెద్దమ్మ కంచె పక్కన ఏం కొట్టారండి?"

"ఎందుకు?"

"ఆ చుక్కకూర కోసి వండిందండి. ఇక్కడ ఆరుగురు తిన్నారు. కడుపుతో ఉన్న పిల్ల తిన్నది."

అవతల పైపులోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు. ఆ తర్వాత నవ్వు.

"ఓర్నీ! పుల్లమజ్జిగరా అది. వారం పులిసిన మజ్జిగలో ఇంత ఇంగువేసి కొట్టా, ఆకుముడతకి."

"ఒట్టి మజ్జిగేనా అండీ? ఇంకేం కలపలా?"

"ఒట్టి మజ్జిగే. మా ఇంటావిడే చిలికిచ్చింది, కావాలంటే అడుగు. ఆ కంచె వార నాలుగు సాళ్ళకి మూడేళ్ళనించి పురుగుమందు పోనిస్తే గదా! ఆవిడ కూర వారానికి రెండుసార్లు మేం తినట్లా ఏంది? మందు కొడితే మా ప్రసూనాంబ నన్ను ఇంట్లోకి రానిస్తదా? ఫోను పెద్దమ్మకియ్యి."

రూబెన్ ఫోను ఆరోగ్యమ్మ చెవి దగ్గర పెట్టాడు. 

"కొట్టేముందు చెప్దామని కేకేశా ఆరోగ్యమ్మా. తలుపేసి ఉంది."

"ప్రార్థనకి పోయానండి," అంది. "అయితే ఆ సాళ్ళు ముడుచుకుంది మా మునగచెట్టు నీడకి కాదా అండీ?" అని అడిగింది.

"నీడకి ముడతొస్తదా అమ్మా? మందు లేకే అట్టా ఉన్నయ్. ఉండనీ, నాలుగు సాళ్ళేగా."

రూబెన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ముందు రాఘవమ్మ భుజాలు కదిలాయి. తర్వాత గట్టిగా నవ్వేసింది.

"మజ్జిగకి విరుగుడు మజ్జిగ పోశానేందే! పైగా ఇంగువ కూడానంట. తిరగమోత పెట్టి మరీ పంపిచ్చాడు మహానుభావుడు."

"నేను చెప్పలా, ఇవాళ పులుపు వేరేగా ఉందని," అంది పళ్ళెం నెట్టేసిన ఆమె, పళ్ళేన్ని మెల్లిగా దగ్గరికి లాక్కుంటూ.

"నువ్వు చెప్పింది అది కాదులే. ఏం చెప్పావో అందరం విన్నాం," అంది రాఘవమ్మ.

నవ్వులు షెడ్డంతా పాకాయి. భవానీప్రసాద్ తల కొట్టుకుంటూ కాటా దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆరోగ్యమ్మ మాత్రం నవ్వలేదు. ఏడవలేదు కూడా. పొద్దుట కంచె మీదుగా చూసిన ఆ గిడసబారిన సాళ్ళే కనిపిస్తున్నాయి. తను ఆకు అందిస్తున్నంత కాలం, అవతల నుంచి కూడా ఏదో అందుతూనే ఉంది. తనకి తెలియలేదు, అంతే.

మహిమ ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది. "తన్నాడు," అంది. తర్వాత చెయ్యి చాపింది. "అత్తా, లాక్కున్న ముద్ద ఇయ్యి ముందు."

"ఛీ, అది నలిగిపోయిందే."

"అయితే కొత్తది కలిపి పెట్టు."

ఆరోగ్యమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, గిన్నె అడుగున మిగిలిన పప్పంతా అన్నంలో కలిపింది. ముద్ద చేసి మహిమ చేతిలో పెట్టింది. రాఘవమ్మ పక్క నుంచి తన చెయ్యి కూడా చాపింది. ఆమెకూ పెట్టింది. ఆ వెనక ఇంకో చెయ్యి. పళ్ళెం నెట్టేసిన ఆమె చెయ్యి చివరన, కొంచెం సిగ్గుపడుతూ వచ్చింది. ఆరోగ్యమ్మ దాన్ని చూడనట్టే చూసి, అందరికంటే పెద్ద ముద్ద పెట్టింది. గిన్నె గీరిన చప్పుడు వినిపించింది. తనకి మిగల్లేదు. ఆ పూట ఆమెకు ఆకలి లేదు.

మధ్యాహ్నం పని ఆలస్యంగా మొదలైంది. చేతులు మళ్ళీ వాటంతట అవే నడిచాయి. తొడిమ ఒకవైపు, కాయ ఒకవైపు.

నాలుగున్నరకు రూబెన్ ఆటో వచ్చింది. నందిగామ బస్సు అందుకోవాలి. మహిమ ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి, వస్తానని చెప్పింది. రాఘవమ్మ ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, "మగపిల్లాడైతే కేశవరావు గారి పేరు పెట్టుకో, ఆడపిల్లయితే మజ్జిగమ్మ" అంది. ఆరోగ్యమ్మ పీట మీద నుంచి లేవలేదు. చేతులకు ఆముదం, మిరప కోరు. ఆ చేతులతో పిల్లను తాకకూడదని దూరం నుంచే తల ఊపింది.

"వేళకి తిను" అంది, అంతే.

ఆటో హైవే ఎక్కి మలుపు తిరిగింది. మిగతావాళ్ళు చివరి గుట్టలు కాటాకి మోస్తున్నారు. ఆరోగ్యమ్మ తన ముందున్న కాయలు అయిపోయాక నడుం పట్టుకుని లేచి, పక్కనున్న ఖాళీ పీట వైపు చూసింది. కోరు పోకుండా మహిమ ముఖానికి కట్టుకునే గుడ్డ దాని మీద ఉంది. ముడి విప్పకుండా తల మీదుగా లాగేసినట్టుంది, ఇంకా గుండ్రంగానే ఉంది. ముక్కు ఆనేచోట మిరప కోరుకు ఎర్రగా మాసిపోయి, ఒక అంచున మాత్రం మూతి తుడుచుకున్నంత మేర పప్పు పసుపు.