పదకొండు గంటల మైదానం

చెత్త శుద్ధి కేంద్రమట, కంపుకి కూడా ఎంత మర్యాదైన పేరు పెడతారో, అనుకుంటూ ఆవిడ కళ్లజోడు తుడుచుకుంది, సర్వే ఆఫీసులో ఏళ్ల తరబడి పటాలు గీసి రిటైరైన కళ్లు, ఎదుటి గోడమీది పటంలో తమ వీధి వెనక మైదానం చుట్టూ ఎర్రగీత, పురపాలక సంఘం దాన్ని చెత్త కంపెనీకి అమ్మబోతోంది, అభ్యంతరాలుంటే ఇవాళే, ఈ హాల్లోనే చెప్పుకోవాలి, పనిరోజు, పదకొండు గంటలకి, రెక్కాడితే గాని డొక్కాడని వాడెవడూ రాలేని ముహూర్తం ఏరికోరి పెట్టారు, నూటయాభై కుర్చీలకి తొమ్మండుగురు, పక్కన చెల్లెలు మోచేత్తో పొడుస్తోంది, నువ్వే మాట్లాడక్కా, నీ మాటంటే వాళ్లకి గురి, నేను నోరు తెరిస్తే తిట్లే వస్తాయి, చెల్లెలి వంటింటి కిటికీ మైదానంలోకే తెరుచుకుంటుంది, పోపు పొగకే ఉక్కిరిబిక్కిరయ్యే ఉబ్బసం మనిషి, రేపు ఆ కిటికీ నిండా చెత్తగుట్టలు, కిటికీ మూసుకోవే అనడానికి ఏ నోరు పెట్టుకుని అనాలి.

అధికారి చిన్నవాడు, వినయం కూడా ఇస్త్రీ చేసుకొచ్చినట్టున్నాడు, రికార్డు ప్రకారం అది నిరుపయోగ స్థలమండీ, అన్నాడు, నిరుపయోగమా, చెల్లెలు లేచింది, పొద్దున్నే ముసలాళ్లు నడిచేది నీ నెత్తిమీదా నాయనా, సాయంత్రం పిల్లలు బంతాడేది నీ బల్లమీదా, తొమ్మండుగురూ నవ్వారు, అధికారీ నవ్వాడు, ఆ నవ్వే ఆవిడకి కంపరం పుట్టించింది, నేను చూళ్లేదు పిన్నిగారూ, రాసినవాళ్లు చూసే రాసుంటారు కదా, అంటూ రిజిస్టరు ఇటు తిప్పాడు, ముందు వరసలోంచి ఆవిడ వంగి చూసింది, అక్షరాలు గుండ్రంగా, పొందికగా, కొట్టివేత లేకుండా, తనవి.

ముప్ఫై నాలుగేళ్ల కిందటి ఎండ, ఉద్యోగంలో చేరిన కొత్త, కొలత గొలుసు పట్టుకుని ఇద్దరు కూలీలు, ఆఫీసు వేళల్లోనే స్థలం చూడాలి, చూసిందే రాయాలి, అది నియమం, పదకొండయింది, నరమానవుడు లేడు, పెద్ద గుమాస్తా విసుక్కున్నాడు, ఇంకా ఎవరికోసం చూస్తున్నావమ్మాయ్, గడి నింపు పోదాం, నింపింది, నిరుపయోగం అని, జనమంతా పనుల్లో ఉన్న వేళ చూసి జనం లేరని రాయడం, ఇప్పుడూ అదే కదా, ఆ మూల గుమాస్తా రాస్తున్నాడు, హాజరు స్వల్పం, ప్రజలకు ఆసక్తి లేదు, కంచే చేను మేసేది ఇలాగే, రంకెలేమీ ఉండవు, గడులుంటాయంతే, తప్పు ఆ నియమానిది, ఆ పెద్ద గుమాస్తాది, ఆ ఎండది,

కాదు, ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లింది ఆ మైదానం మీదుగానే, బంతి వచ్చి భుజానికి తగిలింది, కళ్లు నెత్తికెక్కాయా అని అరిచింది, పిల్లలు చెల్లాచెదురయ్యారు, నడక ఆపిన ముసలాయన ఒకడు పోనిద్దురూ పిల్లలు అన్నాడు, మర్నాడు రిజిస్టరు బల్లమీదే ఉంది, కలం చేతిలోనే ఉంది, ఒక్క మాట కొట్టేస్తే సరిపోయేది, పేజీ ఖరాబవుతుందని ఊరుకుంది, అక్కా, పిలుస్తున్నారు, లే, అంటోంది చెల్లెలు, ఆవిడ లేచింది, రాసుకొచ్చిన కాగితంలోని పన్నెండు అభ్యంతరాలూ ఆ రిజిస్టరు ముందు గడ్డిపోచలు, దాన్ని కదిలించగలిగింది ఒక్కటే, ఇది నా రాత, అబద్ధమని తెలిసే ఉంచాను, అన్న మాట, ఆ మాటని ఈ తొమ్మండుగురిలో పక్కనున్న ఒక్కరి మొహం చూస్తూ మాత్రం అనడం ఆవిడవల్ల కాదు, ఆ ఒక్కరూ వినేలాగే అనాలి.