నీళ్లెక్కువైన చింతచెట్టు

రాయదుర్గంలో ఓ ఆఫీసు డాబా మీద, పిట్టగోడ పక్కన, జానెడు చింత బోన్సాయ్ ఉండేది. చెట్టు జానెడే గానీ నీడ మాత్రం నిండు చింతచెట్టుది. ఒంటిగంటయ్యేసరికి ముప్పై మంది డబ్బాలు పట్టుకుని ఆ నీడకు చేరేవాళ్లు. ఆలస్యంగా వచ్చినవాళ్లు కాస్త జరగమని అడిగి కూర్చునేవాళ్లు. ఆఫీసు ఊడ్చి తుడిచే సత్తెమ్మ, అందరూ లేచాక అక్కడే తన సద్ది విప్పుకునేది.

మార్చిలో హేమంత్ అని కొత్త మేనేజరు వచ్చాడు. మంచివాడే. ఎండలకు భయపడి, చెట్టుకు రోజుకు మూడుసార్లు నీళ్లు పోయాలని గోడకు కాగితం అంటించాడు. తినడానికొచ్చినవాళ్లు కూడా సీసాల్లో మిగిలింది కుండీలో పోసేవాళ్లు. మూడు వారాల్లో ఆకులు పండుబారాయి. నీడ పలచబడి, అందులోంచి చుక్క చుక్కగా నీళ్లు అన్నాల్లో పడసాగాయి.

“ఎండిపోతోంది సత్తెమ్మా, ఇంకో చెంబు పొయ్యి,” అన్నాడు హేమంత్.

“దానికి దూప గాదు సారూ, ఊపిరాడుతలేదు. నీళ్లు బంద్ చెయ్యాలె.”

“ఎండాకాలంలో నీళ్లెక్కువై చచ్చిన చెట్టుందా ఎక్కడైనా?”

సత్తెమ్మ మర్నాడు పెందలాడే వచ్చి చెట్టును కుండీలోంచి తీసింది. వేళ్లు నల్లబడి మురుగుకాలవ వాసన కొట్టాయి. కుళ్లినవన్నీ కత్తిరించి, ఇటుక ముక్కలూ దొడ్డు ఇసుకా నింపి మళ్లీ నాటింది. వారం పాటు ఎవరు సీసా వంచినా కుండీకి చెయ్యి అడ్డం పెట్టింది. ఉన్న ఆకులూ రాలిపోయాయి. నీడ పూర్తిగా పోయింది.

“చెట్టును చంపేశావు. రేపట్నుంచి రావద్దు,” అన్నాడు హేమంత్.

“చావలే సారూ. నాకియ్యి, తీస్కపోత.”

“తీసుకుపో.”

నానక్‌రామ్‌గూడలో టవర్ల వెనక ఆమెది రేకుల గది. పురిటికొచ్చిన కూతురు అశ్విని పన్నెండు రోజుల పసిపాపతో ఆ వేడిలోనే ఉంది. మధ్యాహ్నమైతే పాప ఏడ్చి ఏడ్చి ఒళ్లంతా కందిపోయేది.

“పని పోగొట్టుకుని పుల్ల తెచ్చినవా అమ్మా?”

“పుల్ల గాదు బిడ్డా, చెట్టు.”

పొద్దునా సాయంత్రం మట్టిలో వేలు పెట్టి చూసేది. పొడిగా తగిలితేనే నీళ్లు. జాలిపడి అశ్విని చెంబెత్తితే చెయ్యి పట్టుకుని ఆపేది. పద్దెనిమిదో రోజు చిగురు పుట్టింది. మర్నాడు మధ్యాహ్నం ఆ గది మీదా, పక్కనున్న నాలుగు గదుల మీదా చింతనీడ పరుచుకుంది. పాప నాలుగింటి దాకా లేవలేదు.

సంగతి తెలిసి హేమంత్ వచ్చాడు. “చెట్టు ఆఫీసుది కదా సత్తెమ్మా, తీసుకెళ్తాను. నువ్వూ పనిలోకి వచ్చెయ్యి.”

ఆమె లోపలున్న పాప వంక చూసింది. “నేనొస్త సారూ. చెట్టు రాదు.”

హేమంత్ కుండీ ఎత్తుకుని ఆటో దాకా నడిచాడు. అతని చేతుల్లో చెట్టు కింద నీడే లేదు. వెనక్కి తిరిగి చూస్తే అది రేకుల మీదే ఉంది, ఒక్క కొమ్మ కూడా కదలకుండా. కాసేపు ఎండలో నిలబడ్డాడు. తర్వాత వెనక్కి వచ్చి, పాప లేవకుండా కుండీని మెల్లగా గడప పక్కన దించాడు.

“ఆఫీసులో ఇంకా నలభై కుండీలున్నాయి,” అన్నాడు. “వాటికి ఎన్నిసార్లు పోయాలి?”

సత్తెమ్మ అతని వేలు పట్టుకుని మట్టిలో గుచ్చింది.

“తడి తగుల్తుందా?”

“తగుల్తోంది.”

“అయితే ఇయ్యాల వద్దు.”