పళ్ళు దాటి వచ్చే ధ్వని

ఎవరి పిచ్చి వాళ్ళకానందం అంటారు. ఎడ్మంటన్‌లో ప్రొఫెసర్‌గా రిటైరైన విశ్వనాథం గారికి ఒక ధ్వని పిచ్చి. ఫిలిప్పీన్స్‌లోని ఓ చిన్న దీవి భాషలో ‘ల’ లాంటి ధ్వని ఒకటుంది. అది పలకాలంటే నాలుక పళ్ళు దాటి బయటికి రావాలి. వయసులో ఉన్నప్పుడు ఆయన ఆ దీవిలో ఏళ్ళ తరబడి ఉండి, ఆ భాష నేర్చుకుని, ధ్వనులన్నీ రికార్డు చేసుకొచ్చారు. ఇప్పుడేమో చెవులు పోయాయి. మెషిన్ పెట్టుకుంటే తలుపు చప్పుడూ, భార్య కేకా వినబడతాయి. ఆ మెత్తటి ధ్వని మాత్రం చచ్చినా వినబడదు.

“మనుషుల మీద బెంగపెట్టుకునే వాళ్ళని చూశాను. అక్షరం మీద బెంగేమిటండీ!” అనేది ఆయన భార్య సరోజ. మనిషి మీదైతేనేం, అక్షరం మీదైతేనేం? అన్నం సయించనివ్వకపోతే అది బెంగే.

ఇంతలో ఆ దీవి నుంచి ఫెలిసా అనే ముసలావిడ, ఈ ఊళ్ళోనే నర్సుగా చేస్తున్న కూతురి దగ్గరికి వచ్చిందని తెలిసింది. ఆ ఆదివారమే సరోజ డ్రైవ్ చేసి తీసుకెళ్ళింది. ఒక్కసారి వినబడితే చాలని దారి పొడుగునా ఆయన మొక్కుకుంటూనే ఉన్నారు.

తీరా వెళ్తే, ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడింది. నాలుక బయటపెడుతున్నారని బయటివాళ్ళు నవ్వుతారు కదా, పరాయి చోట ఆ దీవివాళ్ళకు అది అలవాటు. పెదవులు చూసి మాట పోల్చుకునే ఆయనకు ఒక్క ముక్కా అందలేదు. చెయ్యి తియ్యమని పరాయి ఆడమనిషిని ఎలా అడుగుతారు?

చివరికి సిగ్గు విడిచి, తనే నాలుక బయటపెట్టి, ఆవిడ భాషలో “బాగున్నావా అక్కా?” అన్నారు. సరోజ బిత్తరపోయింది. ఫెలిసా పకపకా నవ్వింది. ఆ నవ్వులో చెయ్యి జారిపోయింది.

“అలా కాదయ్యా, ఇలా!” అని పలికి చూపించింది.

నాలుక కొస కనబడింది. ధ్వని వినబడలేదు. ఆయనకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

“నాకు చెవుడు అక్కా. ఇది వినాలనే వచ్చాను.”

ఆవిడ నవ్వు ఆగిపోయింది. “ఇంట్లో మనవలకు చెవులున్నాయి, నా మాట రాదు. మాట వచ్చిన నీకు చెవుల్లేవు. నా రాత చూడు!” అంది.

అని ఊరుకోలేదు. కుర్చీ ఆయనకు ఎదురుగా లాక్కుని, మనవలకు చెప్పాలని అంత దూరం మోసుకొచ్చిన కబుర్లన్నీ ఒక్కొక్కటే ఆ చెవిటి తమ్ముడికి చెప్పుకుంది.