ఆగ్నేసమ్మకు పట్టిన చెమట

ఊరిగాంలో మధ్యాహ్నం రెండు కావస్తోందంటే ఆడవాళ్ళు తువ్వాళ్ళు భుజాన వేసుకుని మునేష్ షెడ్డుకు బయలుదేరతారు. ఆ వేళకు బొమ్మలకు చెమట పడుతుంది. తెల్లదొరల కాలంలో గనిలోకి దిగి పైకి రానివాళ్ళను మునేష్, బంగారం తీశాక పారబోసిన సైనైడ్ దిబ్బ మట్టితో జానెడేసి బొమ్మలుగా చేసి పెట్టాడు. లోపలే పోయినవాడి బొమ్మ షిఫ్టు వేళకు తడుస్తుంది. లోపలి ఉక్క అలాంటిది. తుడవకపోతే పచ్చిమట్టి కరిగిపోతుంది కాబట్టి ఎవరివాళ్ళను వాళ్ళు తుడుచుకుని, తలా ఒక టీ తాగి, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఇళ్ళు చేరతారు.

ఇసబెల్లా మాత్రం ఎవరూ లేని బొమ్మలను తుడిచేది. ఎనభై దగ్గరపడిన మనిషి. ఆమెకు రెండేళ్ళప్పుడు నాయన చిన్నప్ప షిఫ్టుకని వెళ్ళి మళ్ళీ రాలేదు. కంపెనీ పుస్తకంలో పరారీ అని రాసుకున్నారు. పరారైనవాడి పెళ్ళానికి కూలీల లైన్లలో ఇల్లెందుకని ఒక్క పూటలో ఖాళీ చేయించారు. "మీ నాయన లోపలే ఉండాడు" అని తల్లి ఆగ్నేసమ్మ చచ్చేదాకా చెప్పింది. ఎవరు నమ్మారు? ఇసబెల్లా ఊరందరికీ పారిపోయినోడి కూతురే. వచ్చిన పెళ్ళి సంబంధాలన్నీ ఆ మాట దగ్గరే వెనక్కి పోయాయి.

బొమ్మలు బెంగళూరు ఎగ్జిబిషన్‌కు పోతున్నాయని తెలిశాక ఆమె నోరు విప్పింది.

"మా నాయన్ను గూడా చెయ్యప్పా మునేషూ. చెమట పట్టిందంటే, పరారీ అన్నది అబద్ధమని ఊరంతా చూస్తాది."

మునేష్ చేశాడు. రెండైంది. చుట్టూ అందరూ తడిశారు, చిన్నప్ప పొడిగా నిలబడ్డాడు. మరునాడూ అంతే. మూడోనాడు ఆయన నుదుటి మీద నీళ్ళు మెరిశాయి. "యేసప్పా!" అన్నారు ఆడవాళ్ళు. ఇసబెల్లా వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు లేదు.

"కుళాయి నీళ్ళా ప్రిన్సీ?"

పక్కింటి కోడలు ప్రిన్సీ తల దించుకుంది. "నీ మొగం చూడలేక పూసినాను అవ్వా."

అయితే నాయన నిజంగానే పారిపోయాడు. యాడో బతికాడు. ఇంతమందిని మింగిన చోటు నుంచి ఒక్కడు తప్పించుకున్నాడంటే సంతోషించాలి కదా అనుకుంది ఇసబెల్లా. సంతోషం రాలేదు, ఒళ్ళు మండింది. ఆయన పోయినందుకు కంపెనీ శిక్ష వేసింది ఎవరికి? ఇరవై ఏళ్ళు గనివాళ్ళ బట్టలుతికి, ఆ దుమ్ము పీల్చి, దగ్గి దగ్గి పోయిన అమ్మకు.

"ఇది తీసెయ్యప్పా. మా అమ్మను చెయ్యి."

"ఆయమ్మ గనిలోకి దిగలేదు కదవ్వా?"

"దిగలేదు. చెయ్యి."

మర్నాడు పొద్దున పదకొండు గంటలకు, ఏ షిఫ్టూ కాని వేళ, ఇంకా కళ్ళు కూడా దిద్దని మట్టి మునేష్ చేతుల్లోనే తడిసింది. తుడిచినకొద్దీ ఊరింది. ఇసబెల్లా నాలుకకు అద్దుకుంది. ఉప్పు. అక్కడే కూలబడి పెద్దగా ఏడ్చింది. రెండు గంటలకు మిగతా బొమ్మలు తడిశాయి, మూడుకల్లా ఆరాయి. ఆగ్నేసమ్మ ఆరలేదు.

శనివారం శ్రీనివాసపురం నుంచి మామిడికాయల లారీ వచ్చింది. గడ్డి పరిచి బొమ్మలను సర్దారు. పుట్టిన ఊరు దాటి ఎరగని ఇసబెల్లా అమ్మను ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు అవ్వా?" అని ప్రిన్సీ కిందనుంచి అడిగింది.

ఇసబెల్లా తల్లి మొహం తుడుస్తూ తలెత్తలేదు.

"ఈమెకు ఆరినాక."