వెనక అద్దానికి బోర్డు

'ఖాళీ' అన్న బోర్డు వ్యాను వెనక అద్దానికి వేలాడుతూనే ఉంది. తగిలించింది తనే అయ్యుండాలి, వ్యానులో ఇంకో మనిషి లేదు కాబట్టి. కానీ తగిలించినట్టు పిన్నికి గుర్తు లేదు. బడి గేటు ముందు పిల్లలు దిగడం గుర్తుంది, ఆ తర్వాత డిపో గేటు గుర్తుంది. మధ్యలో ఉన్న సిగ్నళ్ళు, వంతెన, మలుపులు, వాటి సంగతి ఆ దేవుడికే తెలియాలి.

పిన్ని బడి వ్యాను నడుపుతుంది. పిల్లలు వ్యాన్ పిన్ని అని పిలవడం మొదలుపెడితే వాళ్ళ అమ్మానాన్నలకీ, డిపో మేనేజరుకీ, గేటు దగ్గర వాచ్‌మన్‌కీ కూడా అదే పేరు నోటికెక్కింది. మనిషి గట్టిది. ఆవిడ ఒక్కసారి గొంతు విప్పిందంటే వెనక సీట్లో కొట్టుకుంటున్న వాళ్ళతో పాటు ఏ పాపం ఎరగని ముందు సీటు వాళ్ళు కూడా సారీ చెప్పేస్తారు.

ఆ డిపోలో ఒక పద్ధతి ఉంది. బడి దగ్గర పిల్లలందరూ దిగాక డ్రైవరు లేచి వ్యాను చివరిదాకా నడవాలి. సీటు సీటూ చూడాలి, వంగి సీట్ల కిందా చూడాలి. ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక వెనక అద్దం మీది కొక్కేనికి 'ఖాళీ' అని రాసిన అట్ట బోర్డు తగిలించాలి. అది కనబడితేనే వాచ్‌మన్ వ్యానుని లోపలికి వదులుతాడు. కొక్కేన్ని కావాలనే అంత వెనక పెట్టారు. బద్ధకించిన డ్రైవరు ముందు సీట్లోంచే చెయ్యి చాపి తగిలించేయకుండా.

మొదట్లో పిన్ని ఈ మరుపుని తేలిగ్గా తీసుకుంది. రోజూ చేసే పనికి వేరే గుర్తెందుకు అనుకుంది. ఇంటికి తాళం వేశామా లేదా అని సగం దారిలో ఆగిపోని వాళ్ళెవరు గనక. మరుపు ఒక్కటే అయితే అలాగే సర్దుకుపోయేది. మిగతావి సర్దుకునేలా లేవు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఉన్నట్టుండి కళ్ళనీళ్ళు కారిపోయేవి, పచ్చలైటు పడేసరికి ఆగిపోయేవి, ఎందుకు ఏడ్చిందో తెలిసేది కాదు. పక్కింటాయన పోయినప్పుడు చూడ్డానికి వెళ్ళి, ఆయన భార్య పక్కన కూర్చుని, తనకి నవ్వు ముంచుకొస్తుంటే పళ్ళు బిగబట్టి నేల చూపులు చూసింది. ఒక్కోసారి స్టీరింగ్ మీది చేతులు వేరే ఎవరివో అనిపించేవి. చేతికున్న వాచీ తనదే. చేతులు మాత్రం తనవి కావు. అప్పుడు భయమేసేది. ఈ చేతులు ఎటు తిప్పితే వ్యాను అటు పోతుంది, వెనక అంతమంది పిల్లలు పాటలు పాడుకుంటున్నారు.

మొగుడికి చెప్పలేదు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఏ సమస్య చెప్పినా ఎక్కడో స్క్రూ వదులైందంటాడు. తన విషయంలో ఆ మాట వినే ధైర్యం ఆవిడకి లేకపోయింది.

చివరికి కనిపెట్టింది ఆడపడుచు. మనసు జబ్బులు చూసే ఒక క్లినిక్కులో నర్సు. సెలవు రోజు వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది.

"వదినా, ఇందాకట్నుంచి పిలుస్తున్నా. ఎక్కడున్నావ్?"

"ఇక్కడే ఉన్నాగా. టీ పెడుతున్నా."

"గిన్నెలో నీళ్ళు లేవు."

చూస్తే నిజంగానే లేవు. అడుగు నల్లబడిపోయిన గిన్నె కింద మంట మండుతోంది. పిన్ని పొయ్యి ఆపి, గోడకి ఆనుకుని, కొంత చెప్పింది, చాలా దాచుకుంది. బోర్డు సంగతి అసలు ఎత్తలేదు.

ఆడపడుచు వింది. "ఇలాంటివాటి గురించి అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. మా డాక్టరమ్మ వాడతారు. ఫోనుకి పంపిస్తాను, ఎవరికి వాళ్ళే నింపుకోవచ్చు. జబ్బు ఉందని అది తేల్చదు, లేదని కూడా తేల్చదు. డాక్టరుతో మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది, అంతే. ఉన్నదున్నట్టు పెట్టు."

"అంటే నాకు పిచ్చంటావా?"

"పిచ్చయితే మా అన్నయ్యని చేసుకున్న రోజే తేలిపోయేది. నింపు వదినా."

మర్నాడు మధ్యాహ్నం, బడి వదిలే వేళకి ముందు, వ్యానులో కూర్చుని పిన్ని ఆ ప్రశ్నలు తెరిచింది. ఒక్కో ప్రశ్న కింద ఒక గీత, గీత మీద ఒక చుక్క. ఎప్పుడూ లేదు అన్న చివర నుంచి ఎప్పుడూ ఇంతే అన్న చివరకి ఆ చుక్కని వేలితో జరపాలి. ఎక్కడికో చేరుకున్నాక దారి గుర్తులేకపోవడం మీకు ఎంత తరచుగా జరుగుతుంది? మీరే చేసి ఉండాల్సిన పని, చేసినట్టు గుర్తులేక నిలబడిపోతారా? మీ ఒళ్ళు మీది కానట్టు, మీరు దూరం నుంచి మిమ్మల్ని చూస్తున్నట్టు ఉంటుందా?

ఎవరో తన వెనకాలే తిరిగి, తనని చూసి రాసినట్టున్నాయి. మొదటి చుక్కని సగం దాటించింది. అప్పుడొచ్చింది అసలు భయం. ఇది ఆడపడుచు చూస్తుంది. ఆడపడుచు నుంచి డాక్టరుకి, డాక్టరు నుంచి లైసెన్సు వాళ్ళకి, అక్కడి నుంచి డిపోకి. డిపో గోడ మీద తన ఫొటో ఉంది. కిందటేడు ఒక లారీ వెనక్కి వస్తూ వ్యాను పక్కభాగాన్ని లోపలికి నొక్కేసినప్పుడు, పిల్లలు కేకలు పెడుతుంటే, పిన్ని చెక్కు చెదరకుండా ఒక్కొక్కరినే దింపి వరసగా నిలబెట్టింది. ఎవరికీ గీత కూడా పడలేదు. ఆ నిబ్బరానికి మెచ్చి మేనేజరు ఫొటో పెట్టించాడు. నిజానికి ఆ రోజు తనకి ఏమీ అనిపించలేదు. భయం కూడా వేయలేదు. అందరూ ధైర్యం అన్నారు కాబట్టి తనూ ధైర్యమే అనుకుంది.

వ్యాను పోతే తను ఎవరు? ఆ ఒక్క ప్రశ్నకి ఆ ఫోనులో గీతా లేదు, చుక్కా లేదు. చుక్కని వెనక్కి లాగి ఎప్పుడూ లేదు దగ్గర పెట్టింది. మిగతావన్నీ అక్కడే పెట్టుకుంటూ పోయింది. చివరికి ఫోను తెరంతా పచ్చగా వెలిగి, మీ జవాబులను బట్టి ఆందోళన పడాల్సిన సూచనలు తక్కువ అని చెప్పింది. దాని కింద సన్నటి అక్షరాల్లో ఇంకా ఏదో ఉంది. అది చదవలేదు.

విచిత్రం ఏమిటంటే, ఆవిడకి నిజంగానే ప్రాణం తేలికపడింది. అబద్ధం చెప్పింది తనే, దాన్ని నమ్మిందీ తనే. ఇంతకన్నా తెలివితక్కువ పని ఉంటుందా అని మనకి అనిపించవచ్చు. హడలిపోయిన మనిషి దగ్గర తెలివి నిలుస్తుందా? ఆడపడుచుకి ఏమీ లేదట అని చెప్పేసింది. ఆ తర్వాత వచ్చిన దారి గుర్తులేకుండా పోయినప్పుడల్లా ఫోను తీసి ఆ పచ్చటి తెర చూసుకునేది, వెనక్కి తిరిగి బోర్డు చూసుకునేది. రెండూ చూశాక గుండె కుదుటపడేది.

ఒక రోజు పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. పిన్ని డిపోలో వ్యాను నిలిపి, అద్దాలన్నీ మూసి ఉన్నాయని చూసి, తాళం వేసి, డ్రైవర్ల గదిలోకి వెళ్ళి టీ పోసుకుంది. బడి నుంచి డిపోకి ఎలా వచ్చిందో ఈ రోజూ తెలియదు. కిటికీలోంచి బయటికి చూసింది. వ్యాను వెనక అద్దానికి బోర్డు ఉంది. హమ్మయ్య అనుకుని ఇంకో గుక్క తాగింది.

బోర్డు ఊగుతోంది.

గ్లాసు పట్టుకునే చూస్తూ ఉండిపోయింది. అద్దాలు మూసి ఉన్నాయి, ఇంజను ఆగి ఉంది, లోపలికి గాలి చొరబడే సందు లేదు. బోర్డు కాసేపు ఆగి మళ్ళీ ఊగింది. దాని అంచు కింద నాలుగు చిన్న వేళ్ళు అద్దాన్ని తాకి జారిపోయాయి.

ఎలా పరిగెత్తిందో, తాళం ఎలా తీసిందో. తలుపు తీయగానే వేడి మొహం మీద కొట్టింది. చివరి వరసలో, అద్దం పక్కన, మూలపాప కూర్చుని ఉంది. రోజూ ఆ మూల సీటే కావాలంటుంది కాబట్టి అందరూ ఆ పిల్లని మూలపాప అంటారు. మాట తక్కువ పిల్ల. జుట్టు చెమటకి నుదుటికి అతుక్కుపోయింది, బుగ్గలు కందిపోయాయి.

"పిన్నీ, దాహం."

పిన్ని నీళ్ళ సీసా అందించింది. పిల్ల గటగటా తాగింది. పిన్ని దాని మొహం తుడిచింది, నీడలోకి తీసుకొచ్చి కొంగుతో విసిరింది, ఒళ్ళు చల్లబడేదాకా చూసింది. ఏ పనికి ఆ పని చక్కగా చేసింది. లోపల మాత్రం ఏమీ లేదు. భయం లేదు, ఏడుపు లేదు. ఎవరో ఒకావిడ ఎవరో పిల్లకి ఉపచారం చేస్తుంటే గోడ పక్కన నిలబడి చూస్తున్నట్టుంది.

"నిద్రపోయావా తల్లీ? నేను చూసుకోలేదు."

మూలపాప తల అడ్డంగా ఊపింది. "నువ్వు చూశావుగా పిన్నీ."

"ఏం చూశాను?"

"నన్ను. నా చెప్పు ఒకటి కనపడలేదు, వెతుక్కుంటున్నా. నువ్వొచ్చి నా వైపు చూసి నవ్వావు. బోర్డు తగిలించి వెళ్ళిపోయావు. మళ్ళీ వస్తావనుకున్నా."

మేనేజరు సంగతంతా విని తలుపు దగ్గరగా వేశాడు. మంచివాడే, కానీ భయస్తుడు.

"పిల్లకి ఏం కాలేదు కదా?"

"లేదు. పక్క వీధి డాక్టరుకి చూపించి తీసుకొచ్చాను. బాగానే ఉంది."

"మరింకేం. నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది పిన్నీ? రేపట్నుంచి ఇంకాస్త జాగ్రత్తగా చూసుకో. అలిసిపోయుంటావు."

"నేను చూశానండీ. అదే చెప్తున్నా. పిల్ల వైపు చూశాను, నవ్వాను కూడా. ఇంకా జాగ్రత్తగా ఎలా చూడను?"

పిన్ని వ్యాను తాళం బల్ల మీద పెట్టింది. గోడ మీది ఫొటో తనే తీసి, బోర్లించి, తాళం పక్కన పెట్టింది.

"వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. వస్తోంది. ఏమన్నా పడతాను."

వాళ్ళమ్మ వచ్చింది. తిట్టలేదు. పిన్ని మొహంలోకి చాలాసేపు చూసి, "నా పిల్లని మీ చేతుల్లో పెట్టి నిశ్చింతగా పనికి పోయేదాన్ని," అని పిల్లని తీసుకుని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే ఆడపడుచు క్లినిక్కుకి తీసుకెళ్ళింది. దారిలో పిన్ని ఆ పచ్చ తెర కథ కూడా చెప్పేసింది. ఆడపడుచు కోపంగా ఏదో అనబోయి, వదిన మొహం చూసి, చెయ్యి పట్టుకుంది.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. అవే ప్రశ్నలు కాగితం మీద ఉన్నాయి, కానీ ఆవిడ కాగితం చూసి అడగలేదు. ఒక్కోదానికి, అది ఎప్పుడు జరిగింది, ఎక్కడున్నారు, అప్పుడు ఒంట్లో ఎలా ఉంది అని అడిగింది. పిన్ని ఈసారి చుక్కలు వెనక్కి జరపలేదు. సిగ్నల్ దగ్గర ఏడుపు చెప్పింది, చావింట్లో నవ్వు చెప్పింది, వాచీ పెట్టుకున్న పరాయి చేతుల గురించి, లారీ గురించి చెప్పింది. పొడి గొంతుతో, ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పుకుంటూ పోయింది.

"ఇలాంటివాటికి వైద్యం ఉంది," అంది డాక్టరమ్మ. "టైం పడుతుంది. అందాకా బండి నడపొద్దు." తర్వాత కొంచెం ముందుకి వంగింది. "పాప ఆ మాట అన్నప్పుడు మీకేమనిపించింది?"

"ఏమీ అనిపించలేదు."

"ఇప్పుడు?"

ఇప్పుడా, అనబోయింది పిన్ని. నవ్విన మనిషి కళ్ళలోకి నమ్మకంగా చూస్తూ, ఒంటి చెప్పుతో కూర్చున్న పిల్ల కనిపించింది. బోర్డు వెనక వేళ్ళు కనిపించాయి. వాటి వెనకాలే, ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో, లారీ వెనక భాగం పక్క అద్దం నిండా పెద్దదవుతూ వచ్చింది, పిల్లల కేకలు వినిపించాయి. కాళ్ళలోంచి వణుకు లేచి దవడల దాకా పాకింది. ఊపిరి అందడం లేదు. ఆడపడుచు కంగారుగా లేచి నీళ్ళ గ్లాసు అందుకుంది, డాక్టరమ్మ చేత్తో ఆగమంది.

"భయం," అంది పిన్ని. "భయమేస్తోంది."

"ఎవరికి?"

పిన్ని కిందికి చూసుకుంది. బల్ల అంచుని పట్టుకున్న చేతులు గజగజా వణుకుతున్నాయి, వాచీ బల్లకి తగిలి టకటకలాడుతోంది.

"నాకు," అంది. "నాకే."

చాలా రోజుల తర్వాత అవి తన చేతుల్లా కనిపించాయి.